సంగ్రహమా? పరిగ్రహమా?

శ్రీమద్భాగవతము ఏకాదశ స్కంధములో యదు మహారాజు ఒక అవధూతను చూచి, ఏమియు లేనివానికి ఇంత ఆనందము ఎట్లు కలిగినదని అడుగును. అవధూత తనకు ఇరువదినలుగురు గురువులు కలరని చెప్పి, వారిలో తేనెటీగను ఒక గురువుగా పేర్కొనును. ఆ గురువు నేర్పిన పాఠములు రెండు. చిన్నదని గాని పెద్దదని గాని ఎంచక ప్రతి పుష్పమునుండియు అది సారమును గ్రహించునట్లు, వివేకి చిన్న గ్రంథమునుండియు పెద్ద గ్రంథమునుండియు సారమును గ్రహింపవలెననునది మొదటిది. సాయంకాలమునకనియు, రేపటికనియు కూడబెట్టినవాడు, తేనెను కూడబెట్టిన ఈగ ఆ తేనెతోడనే నశించినట్లు, తాను కూడబెట్టినదానితోడనే నశించుననునది రెండవది. గ్రహింపుమని చెప్పినదియు ఆ ఈగయే; దాచుకొనవద్దని చెప్పినదియు ఆ ఈగయే.

ఈ రెండు పాఠముల నడుమ చిక్కుకొన్నవాడు పత్రికలను ప్రేమించు గృహస్థుడు. అతడు చదువుటకై కొనును. చదివిన పిదప పారవేయలేడు. నెలలు సంవత్సరములగును, సంవత్సరములు కట్టలగును, కట్టలు అటకకెక్కును. బంగారమును దాచినవానిని లోభియందురు; భూమిని దాచినవానిని ఆశాపరుడందురు. కాగితమును దాచినవానిని ఏమనవలెనో లోకమునకు తెలియదు. వ్యసనములలోనెల్ల ఇది నిరపాయమైనదని కొందరు నవ్వి ఊరకుందురు. ఇంటిలోనివారు మాత్రము అంత సులభముగా నవ్వలేరు, ఏలయన ఆ అటక క్రింద కాపురముండువారు వారే.

ఈ ప్రశ్నను ఒక స్థలమున నిలిపి చూచుట మేలు. హైదరాబాదు నగరమునకు తూర్పున ఉప్పల్, నాచారము అను రెండు ఊళ్లు కలవు. వైష్ణవ యాత్రికులకు నాచారమనగానే గజ్వేలు ప్రాంతమున హరిద్రానదీ తీరమందు వెలసిన నాచగిరి లక్ష్మీనృసింహుడు స్మరణకు వచ్చును. ఇది ఆ నాచారము కాదు. కర్మాగారములు నిండిన నాచారము. ఉప్పల్ మాత్రము యాత్రికులకు చిరపరిచితము. యాదగిరిగుట్టకు పోవు బస్సులకై నగరవాసులు వచ్చి నిలుచుండు కూడలి అదియే. ఒకప్పుడు చెరువులు, పొలములు గల ఈ పల్లెలు స్వాతంత్ర్యానంతరము క్రమముగా పారిశ్రామిక వాడలైనవి. ఉప్పల్ రోడ్డున జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ వంటి విజ్ఞాన సంస్థలు వెలసినవి. నల్లగొండ, వరంగల్లు జిల్లాలనుండియు, కోస్తా జిల్లాలనుండియు ఉద్యోగములకై వచ్చినవారు ఇచ్చట ముందు అద్దె యిండ్లలోను, పిదప చిన్న చిన్న స్థలములు కొని కట్టుకొన్న సొంత యిండ్లలోను స్థిరపడిరి. నందమూరి తారక రామారావు నెలకొల్పిన రామకృష్ణా స్టూడియో కూడ నాచారములోనిదే.

అట్టి కాలనీలలో ఒక గృహస్థుని భావించుకొనవచ్చును. పేరు అనవసరము, ప్రతి వీధిలోను అతనివంటివాడు ఒకడైనను ఉండియే యుండును. కర్మాగారములో గుమాస్తాగానో, ప్రయోగశాలలో సహాయకుడుగానో చేరినాడు. తొలి జీతములో ఇంటికి పంపినది పోగా మిగిలిన దానితో ఒక పత్రికకు చందా కట్టినాడు. అది మొదలు ఏబది సంవత్సరములు పత్రిక రాని నెల లేదు. అద్దె యిల్లు మారినప్పుడెల్ల బియ్యపు బస్తాకంటె ముందు పత్రికల ట్రంకుపెట్టె బండికెక్కినది. తపాలా బంట్రోతు రాక ఒక దినము ఆలస్యమైనచో గుమ్మములో నిలుచుండి ఎదురుచూచినాడు. సంచిక చేతికి రాగానే మొదట తెరచి చదువలేదు. అట్టను తుడిచి, మూల మడత పడినదేమో చూచి, కొత్త కాగితపు వాసనను ఆఘ్రాణించినాడు. ఇది ప్రేమ కాదని ఎవరనగలరు? అయితే దేనిమీది ప్రేమ?

పత్రికలలో రెండు జాతులు కలవు. దినపత్రికల కాగితము చవుకయైనది. కొయ్యగుజ్జులోని స్వాభావిక పదార్థము వెలుతురు తగిలినకొలది దానిని పసుపుపచ్చగా మార్చును, పిదప పెళుసెక్కి పొడియగును. అది దాచుకొనుటకై పుట్టినది కాదు. మరునాటికి కిరాణా దుకాణములో పొట్లముగా మారుటకై పుట్టినది. రెండవ జాతి ఆర్టు పేపరుపై ముద్రించిన సచిత్ర పత్రికలు. వాని నునుపు, నిగనిగ, అరచేతిలోని బరువు వేరు. ఆ మెరుపు వెనుకనున్న రహస్యము మాత్రము మన్నే. చీనామన్నను తెల్లని మెత్తని మట్టిని, అది అంటుకొని యుండుటకు ఒక జిగురును కలిపి కాగితమునకు ఇరుప్రక్కల పూసి, ఇనుప గుండ్లనడుమ ఒత్తి మెరుగుపెట్టుదురు. అట్టి కాగితపు బరువులో మూడవ వంతు వరకు, ఒక్కొక్కప్పుడు అంతకుమించియు, మట్టియే. ఆ మట్టి పూత వలననే రంగులు లోనికి ఇంకిపోక పైన నిలిచి జీవముతో కనబడును. మన్ను తిన్న బాలకృష్ణుని నోటిలో యశోదాదేవి సమస్త లోకములను చూచినది. మన్ను పూసిన కాగితముమీద నాచారపు గుమాస్తా హిమాలయములను, మాస్కో నగర వీధులను, సముద్రగర్భములోని చేపలను చూచినాడు. పోలిక పెద్దదే, కాని కన్నులు విప్పారుటలో మాత్రము భేదము లేదు.

ఆ కాలపు సచిత్ర పత్రికలు ఎన్నియో. 1947 జూలైలో మదరాసులో నాగిరెడ్డి, చక్రపాణి ప్రారంభించిన చందమామకు వడ్డాది పాపయ్య రచించిన ముఖచిత్రములకై పిల్లలతోబాటు పెద్దలును వేచియుండిరి. 1966లో ఆ సంస్థనుండియే విజయచిత్ర వచ్చినది. వారపత్రికల దీపావళి, సంక్రాంతి ప్రత్యేక సంచికలు, ఆంగ్లములో ఇల్లస్ట్రేటెడ్ వీక్లీ, అమెరికానుండి లైఫ్, నేషనల్ జియోగ్రాఫిక్ - ఇవి చందాదారునకు క్రొత్తవిగా రాకున్నను, ఆదివారము అబిడ్స్ కాలిబాటపై పాత పుస్తకములు అమ్మువారివద్ద పైసలలో దొరకినవి. సోవియట్ భూమి చందా చవుక, కాగితము దళసరి. కనుక చదివిన పిదప పిల్లల పాఠ్యపుస్తకములకు అట్టలై ఆ పత్రిక తెలుగునాట ప్రతి పాఠశాలకును వెళ్లినది. ట్రాక్టరు బొమ్మ గల లెక్కల పుస్తకము, మంచుకొండ బొమ్మ గల తెలుగు వాచకము చేతపట్టుకొని బడికి పోయిన తరము ఇంకను ఉన్నది. ఆ సోవియట్ దేశము 1991లో విడిపోయినది. ఇల్లస్ట్రేటెడ్ వీక్లీ 1993లో నిలిచిపోయినది. చందమామ 2013 నాటికి ఆగిపోయినది. పత్రికలు పోయినవి, అటకమీది కట్టలు పోలేదు.

గృహిణుల సంగ్రహము మరియొక రీతిది. వారపత్రికలోని ధారావాహిక నవలను వారము వారము చించి, పుటలు వరుసగా పేర్చి, పెద్ద సూదితో కుట్టి, గోధుమరంగు అట్ట వేసి దాచుకొన్న పుస్తకములు ఎన్ని ఇండ్లలో లేవు? ఆ పుస్తకము ఇంటింటికి తిరిగి, మూలలు నలిగి, నూనెచేతుల మరకలతో తిరిగి వచ్చెడిది. కొన్నిమారులు రాకయు పోయెడిది. పురుషుల ట్రంకుపెట్టెకు తాళముండగా స్త్రీల పుస్తకమునకు తాళము లేకుండుట గమనింపదగినది.

తాళము మాట వచ్చినది కనుక దోషమును గూర్చియు చెప్పవలెను. సంగ్రహము చేయువానికి మొదట చదువుమీది ప్రీతి యుండును. కొంతకాలమునకు వరుసమీది ప్రీతి పుట్టును. పండ్రెండు నెలలలో పదునొకండు సంచికలుండి ఒకటి లేకున్నచో, ఉన్న పదునొకండును అతనికి సుఖమీయవు. లేని ఆ ఒక్కటియే నిద్రపట్టనీయదు. ఆ సంచికలో ఏమున్నదని అడిగిన చెప్పలేడు. అది లేదన్నదే అతని బాధ. ఇచ్చటనే చదువరి కనుమరుగై కూడబెట్టువాడు మిగులును. పొరుగింటి బాలుడు వచ్చి బొమ్మలు చూచి ఇచ్చెదనని అడిగినప్పుడు, ‘మడత పెట్టుదువు, వద్దు’ అను మాట నోట వెలువడిన క్షణమున తేనెటీగ రెండవ పాఠము ఆ గుమ్మము ముందుకు వచ్చి నిలుచును.

భరతుని కథ ఇందుకే చెప్పబడినది. సార్వభౌమత్వమును వాంతివలె విడిచి గండకీ తీరమున తపస్సునకు కూర్చున్న మహనీయుడు తల్లిని కోల్పోయిన ఒక లేడిపిల్లను పెంచి, దానినే తలచుచు దేహము విడిచి, లేడియై పుట్టినాడు. రాజ్యము అతనిని కట్టలేకపోయినది, లేడిపిల్ల కట్టినది. అన్నదమ్ములకు పొలము పంచి యిచ్చునప్పుడు గట్టు విషయమై కూడ వాదింపని పెద్దమనిషి దీపావళి సంచిక ఒకటి కనబడకున్నచో ఇల్లంతయు ఏకము చేయుట లోకములో కలదు. బంధము వస్తువు వెలనుబట్టి బిగియదు.

ఇంతవరకు చెప్పి ఊరకుండినచో సంగ్రహమంతయు దోషమని తీర్పు చెప్పినట్లగును. వైష్ణవ సంప్రదాయము అట్లు తీర్పు చెప్పదు. చెప్పుటకు వీలును లేదు, ఏలయన ఆ సంప్రదాయము ఒక సంగ్రాహకుని వలననే నిలిచినది. వీరనారాయణపురములో శ్రీమన్నాథమునుల ఎదుట యాత్రికులు కొందరు నమ్మాళ్వారుల పాశురములు పది గానము చేసిరి. ఆ పదింటి చివర, ఇవి వేయింటిలోని పది అను మాట వినవచ్చినది. మిగిలిన పాశురములేవని అడుగగా వారికి తెలియదు. నాథమునులకు ఆ పది పాశురముల మాధుర్యము తృప్తినీయలేదు. లేని తొమ్మిదివందల తొంబది వారిని నిలువనీయలేదు. కుంభకోణమునకు పోయిరి, తిరుక్కురుగూరునకు పోయిరి, మధురకవుల స్తుతిని పండ్రెండువేల పర్యాయములు అనుసంధించిరి. వేయి మాత్రమే గాక నాలుగువేలును లభించినవని సంప్రదాయము చెప్పును. వరుసలో లేని ఒక్క సంచికకై అబిడ్స్ కాలిబాటపై ఎండలో వంగి వెదకువాని తహతహకును, ఆ మహానుభావుని ఆర్తికిని పోలిక చెప్పుట అపచారమని ఎవరైన అనవచ్చును. విషయములో హస్తిమశకాంతరమున్నది, నిజమే. కాని ‘మిగిలినది ఎక్కడ?’ అను ప్రశ్న మనుష్యునకు కలుగకపోయినచో ద్రావిడ వేదము పది పాశురములతోనే ముగిసిపోయెడిది.

దొరకిన పిదప నాథమునులు చేసినదేమో కూడ చూడవలెను. ఆ నాలుగువేలకు దేవగానపు స్వరములు కూర్చి, తమ మేనల్లుండ్రిరువురకు నేర్పిరి. పెట్టెలో పెట్టలేదు, కంఠములలో పెట్టిరి.

పెట్టెలో పెట్టినవి నిష్ఫలములని దీనినిబట్టి అనుకొనుటకు కూడ వీలు లేదు. తాళ్లపాక అన్నమాచార్యుల సంకీర్తనములను వారి కుమారుడు పెదతిరుమలాచార్యుల కాలమున రాగిరేకులపై చెక్కించి తిరుమల ఆలయములోని సంకీర్తన భాండాగారమను చిన్న అరలో భద్రపరచిరి. ఆ పిదప శతాబ్దములు గడచినవి. పాడువారు తగ్గిరి, చదువువారు లేకపోయిరి, అర మాత్రము అట్లేయున్నది. 20వ శతాబ్దములో ఆ రేకులు వెలికి వచ్చినప్పుడు సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటి పండితులు వానిని పరిష్కరించిరి. అన్నమయ్య రచించిన సంకీర్తనములు 32,000 అని ప్రతీతి. నేడు లభించుచున్నవి 12,000 పైచిలుకు. ఆ రేకులను ‘ఎవరు చదువుచున్నారు, కరగించి బిందెలు చేయించుడు’ అని ఏ తరములోనైన ఎవరైన ఆజ్ఞాపించి యుండినచో ఏమయ్యెడిది? చదువరి లేని శతాబ్దములలో కేవలము దాచినవారే ఆ వాఙ్మయమును మోసిరి. వారి పేర్లు ఎవరికిని తెలియవు.

కావున తేనెటీగ రెండవ పాఠమును పట్టుకొని అటకలనన్నింటిని దులిపివేయుట తగదు. ఆ పాఠము ఎవరికి చెప్పబడినదో కూడ గమనింపవలెను. రేపటికి దాచుకొనవద్దన్నది భిక్షువునకు. గృహస్థునకు వేరుగా చెప్పబడినది. సప్తమ స్కంధములో నారద మహర్షి ధర్మరాజునకు గృహస్థధర్మము ఉపదేశించుచు, కడుపు నిండుటకు ఎంత కావలెనో అంతవరకే దేహికి స్వత్వమనియు, అంతకుమించినదానిని తనదని అభిమానించువాడు దొంగయనియు చెప్పినాడు. ఇది భిక్షువునకు చెప్పినదానికంటె సులభమని తోచవచ్చును, కాదు. భిక్షువు లేకుండ బ్రదుకవలెను. గృహస్థుడు ఉంచుకొనియు తనది కాదనుకొనవలెను. ఆ వెంటనే నారదుడు మృగములను, కోతులను, పాములను, పక్షులను, ఎలుకలను సైతము తన బిడ్డలవలె చూడుమని చెప్పినాడు. వేపాకు, కలరా ఉండలు పెట్టి యేండ్ల తరబడి ఎలుకలతో యుద్ధము చేయుచున్న పత్రికాప్రియునకు భాగవతమంతటిలో ఇంతకంటె కఠినమైన వాక్యము లేదు.

దొంగ యను మాట కటువైనదే. కాని అందు ఒక ఊరట కూడ కలదు. నారదుడు వస్తువును పారవేయుమనలేదు, అభిమానమును దొంగతనమన్నాడు. విశిష్టాద్వైతములో దీనికి శేషత్వమని పేరు. సర్వమును శేషి యైన భగవంతునిది, జీవుడు కాపుదారు. అన్నమయ్య రాగిరేకులు స్వామి భాండాగారములో నుండుటచే ఏ తాళ్లపాకవారును వానిని తమ ఇంటి సొమ్మనుకొనుటకు వీలు లేకపోయినది. అందుచేతనే కాబోలు అవి మిగిలినవి. అయితే ‘అంతయు స్వామిదే’ అని నోట పలుకుట అతి సులభము. నాచారపు గృహస్థుడు ట్రంకుపెట్టెమీద నామములు దిద్ది, పూలదండ వేసి, స్వామిసొత్తని చెప్పి, తాళపుచెవి మాత్రము మొలత్రాటికి కట్టుకొనవచ్చును. అట్టి శేషత్వమునకు పరీక్షలు రెండు కలవు. ఇతరుడు వచ్చి అడిగిన దినము ఒకటి. పోగొట్టుకొన్న దినము మరియొకటి.

మొదటి పరీక్షకు ఈ నగరములోనే ఒక నిదర్శనము కలదు. అబ్దుల్ సమద్ ఖాన్ అను హైదరాబాదు వాసి ధనవంతుడు కాకయు, జీవితకాలమంతయు ఉర్దూ పుస్తకములను, పత్రికలను సేకరించి, తన సేకరణమును పరిశోధకులకు అందుబాటులో ఉంచినాడు. 1990 దశకములో అమెరికా విశ్వవిద్యాలయముల గ్రంథాలయములు కొన్ని కలిసి ఆ సేకరణమును స్వీకరించి, దానిని సముద్రములు దాటింపక బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రముననే ఉంచినవి. తమిళనాట కోటయ్యూరులో సైన్‌బోర్డులు వ్రాయు చిత్రకారుడు రోజా ముత్తయ్య 1950 ప్రాంతమున ఆరంభించి 1992లో మరణించువరకు కూర్చిన పుస్తకములు, పత్రికలు, నాటకముల కరపత్రములు నేడు మదరాసులో ఆయన పేరనే గ్రంథాలయమై యున్నవి. ఇట్టివారిని బ్రదికియున్న కాలమున ఇరుగుపొరుగువారు ఏమనుకొనియుందురో ఊహింపవచ్చును. చందమామ అభిమానులు కూడ తమ తమ ఇండ్లలోని పాత సంచికలను దుమ్ము దులిపి, పుట పుటకు ఛాయాప్రతులు తీసి అందరికిని అందించిరి. అటకలమీద కట్టలు లేకపోయినచో ఆ పని జరిగెడిది కాదు. కట్టలు విప్పకపోయినను జరిగెడిది కాదు.

రెండవ పరీక్ష నీటి రూపమున వచ్చును. 2000 ఆగస్టులో నగరమును ముంచిన వరదనీరు సుందరయ్య విజ్ఞాన కేంద్రములోనికి కూడ వచ్చి ఆ ఉర్దూ సేకరణములో కొంత భాగమును పాడుచేసినది. ఉప్పల్ ప్రాంతమునకు ఆ పరీక్ష 2020 అక్టోబరు 13, 14 తేదీలలో వచ్చినది. వరంగల్లు దారిలో ఉప్పల్ దాటి ముందున్న ఘట్‌కేసర్ వద్ద ఒక్క దినమున 32 సెంటీమీటర్లకు పైగా వాన కురిసినది. చెరువులు పొంగి రామంతాపూర్, హబ్సిగూడ, ఉప్పల్ ప్రాంతముల పల్లపు కాలనీలలో నీరు ఇండ్లలోనికి చేరినది. పరుపులు, బియ్యము, పిల్లల ధ్రువపత్రములు తడిసిన ఇండ్లలో పాత పత్రికలను గూర్చి దుఃఖించుటకు ఎవరికిని తీరిక లేదు, అట్లు దుఃఖించుట తగదు కూడ. కాని నేలమీద పెట్టెలలో సచిత్ర పత్రికలు దాచుకొన్నవారు ఒక విచిత్రమును చూచియుందురు. దినపత్రిక తడిసినచో ఎండలో ఆరవేయవచ్చును. ముడతలతోనైన మరల తెరచుకొనును. ఆర్టు పేపరు అట్లు కాదు. తడి తగులగానే పుటల మీది మట్టి, జిగురు మెత్తబడి ఒక పుట రెండవదానిని పట్టుకొనును. తడిగా నుండగనే విడదీయనిచో ఆరిన పిదప సంచికయంతయు ఇటుకవలె గట్టిపడును. బలముగా విప్పినచో బొమ్మలు తోలువలె ఊడివచ్చును. ఏ మెరుపుకై దానిని దాచుకొనిరో ఆ మెరుపే దానిని మూసివేయును.

అట్టి ఇటుక చేతిలోనున్నప్పుడు గృహస్థునివద్ద మిగిలినదేమి? చదివినవాడైనచో మిగిలినది కొంత కలదు. వడ్డాది పాపయ్య చిత్రములోని చీర అంచు, ఒక వ్యాసములోని వాదము, మనుమరాలికి చెప్పిన కథ - ఇవి నీటికి అందవు. చదువక వరుస మాత్రము నింపుకొన్నవానికి మిగిలినది ఇటుకయే. మొదటి పాఠము విన్న ఈగ సారమును గ్రహించి యుండుటచే రెండవ పాఠము దానిని అంతగా బాధింపదు. ఈ రెండు పాఠములు ఒకే గురువు నోట ఏల వచ్చినవో ఇచ్చట కొంత తెలియును.

వైష్ణవ గృహములలో మాత్రము మరియొక చిక్కు కలదు, అది ఏ శాస్త్రచర్చకంటెను ఎక్కువగా అటకలను నింపుచున్నది. అట్టమీద శ్రీవారి చిత్రమున్న సంచికను తూకమునకు వేయుటకు చేయి రాదు. ఆధ్యాత్మిక మాసపత్రికలు, పంచాంగములు, బ్రహ్మోత్సవ ప్రత్యేక సంచికలు, శంఖచక్రములు గల శుభలేఖలు - ఇవన్నియు చదువుటకు గాక పారవేయలేకపోవుటచే మిగిలినవి. మాయాబజారు కృష్ణుడు మొదలుకొని వెండితెర దేవుళ్ల వర్ణచిత్రములను సినిమా పత్రికలనుండి కత్తిరించి పూజగదిలో పటము కట్టించిన ఇండ్లు కూడ లేకపోలేదు. అట్టివారికి సినిమా పత్రికయు అమ్మరానిదైనది. తూకమునకు పోయిన కాగితము ఏ మిర్చిబజ్జీల పొట్లమగునో, ఎవరి కాలిక్రింద పడునో అను భయము నిజమైన భయమే. దానిని మూఢత్వమని తీసివేయుట పండితులకు తగదు.

వైఖానస, పాంచరాత్ర ఆగమములు రెండును బింబమునకు ప్రతిష్ఠను విధించినవి. అచ్చుయంత్రములో వేలకొలది పడిన చిత్రమునకు ఆ సంస్కారము లేదు. అయినను రూపమును చూచిన కన్నులు చేతులు జోడింపక మానవు, అది తప్పు కాదు. కనుక దారి రెంటి నడుమ కలదు. కొందరు పాత పటములను, పత్రికలను నదిలోను, చెరువులోను విడుచుచున్నారు. రంగుల సిరాలు, ప్లాస్టిక్కు పూతలు గల నేటి కాగితమును నాచారము చెరువులోనో, ఇదివరకే మురికిచే క్షీణించిన మూసీలోనో వేయుట స్వామికి సేవ కాదు, నీటికి ద్రోహము. కాగితపు మిల్లులో జరుగునదేమో తెలిసినచో భయము సగము తగ్గును. పాత కాగితమును అచ్చట మొదట చేయునది నీటిలో వేయుటయే. పెద్ద తొట్టిలో నీటితో గిలకొట్టగా పుటలు నారగా విడిపోవును, సిరా వేరగును, మట్టి కడిగివేయబడును. ఆ నారనుండి మరల కాగితము పుట్టును. విసర్జనమునకు కావలసిన జలము అందును కలదు. పొట్లములకు పోకుండ నేరుగా మిల్లునకు చేర్చువారికి ఈయగలిగినచో చాలును. ఇంటివద్దనే ముఖచిత్రమును వేరుచేసి, మిగిలినదానిని నిశ్చింతగా తూకమునకు ఇచ్చు గృహిణులు కూడ కలరు. వారు ఎవరిని అడుగకుండగనే ఈ చిక్కును పరిష్కరించుకొనిరి.

చినుగని మంచి సంచికలకు మిల్లు అక్కరలేదు. నాచారములో ఈ.ఎస్.ఐ. ఆసుపత్రి కలదు, రోగి ప్రక్కన రాత్రింబగళ్లు కూర్చుండువారికి కాలము గడచుట ఎంత కష్టమో అనుభవించినవారికే తెలియును. ఉప్పల్ కూడలినుండి యాదగిరిగుట్టకు 50 కిలోమీటర్లకు పైగా ప్రయాణము. ఎక్కువమంది చేతులలో నేడు చరవాణియే యుండును గాని, కిటికీ ప్రక్క సీటు దొరకని పిల్లవాడు తాత ఒడిలోని పాత చందమామలో విక్రమార్కుడు శవమును భుజమున వేసికొని పోవు బొమ్మను చూచినచో బీబీనగరు వచ్చువరకు తల ఎత్తడు. అట్లు పంచగా పంచగా అటకమీద చివరకు పది పదిహేను సంచికలు మిగులును. తొలి జీతముతో కట్టిన చందాకు వచ్చిన సంచిక, బిడ్డ పుట్టిన నెలది, గతించిన భార్య అంచున వంటల లెక్క వ్రాసికొన్నది. వానిని కూడ ఈయుమని ఆ గృహస్థుని ఎవరును అడుగనక్కరలేదు.